చిత్తడిలో దొరికిన బావమరిది

రైన్ నది ఒడ్డు కోట నుంచి

అమ్మలా పెంచిన మా ట్రెబోనియా అక్కకు,

నేను క్షేమం. సైన్యంలో నా కొలువు ముగిసింది. కత్తీ డాలూ అప్పగించేశాను. ద్రాక్షకోతల వేళకు వస్తానని నువ్వు ఎదురుచూస్తుంటావు. నేను రావడం లేదక్కా. ఇక్కడే ఒక జర్మన్ అమ్మాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. బావను చంపింది ఆ జనమే కదా, ఈ మాట నీకు ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్లూ నలిగిపోయాను. అందుకే జరిగిందంతా చెబుతాను.

బావ పోయిన మరుసటి ఏడు వాళ్లు చిత్తడి నేలల దగ్గర మా మీద పడ్డారు. ముందు డాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని హోరు మొదలుపెడతారు. అది ఉరుములా పెరుగుతూ పోతుంది. ఆ తర్వాత అడవిపంది మూతిలా ముందు మొనదేలేలా బారు తీరి ఒక్క ఉరుకున వచ్చి గుద్దుతారు. ఒంటిమీద ఇనుము ఉండదు. పొడుగాటి ఈటె, రంగుల డాలు, అంతే. వెనక బళ్లెక్కి వాళ్ల ఆడవాళ్లు కేకలేసి ఉసిగొల్పుతుంటారు. మేం బల్లేలు విసిరి, డాలుకు డాలు ఆనించి నిలబడి, సందుల్లోంచి పొట్టి కత్తులతో పొడుస్తాం. మొదటి ఉరుకు తట్టుకుంటే గెలుపు మాదే, కాళ్ల కింద గట్టి నేలుంటే. ఆ రోజు అది లేదు. మా వరస చెదిరిపోయింది.

ఒక ఎర్రగడ్డంవాడూ నేనూ కలబడి ఇద్దరం ఊబిలో దిగబడ్డాం. వాడి ఈటె విరిగింది, నా కత్తి వాడికి అందదు. యుద్ధం మమ్మల్ని వదిలేసి అడవి వైపు వెళ్లిపోయింది. వాడు ఒకప్పుడు మా కోటలో తోళ్లు అమ్మేవాడట, మన భాష వచ్చు.

"ఏరా ఇనపచొక్కా, ఇంకా దిగిపోతున్నావే!"

"నువ్వేమన్నా గట్టు మీదున్నావేంట్రా, ఎర్రగడ్డం?"

వాడు తేలిక మనిషి. డాలు మీద బోర్లా పడి పాకుతూ గట్టెక్కాడు. వెళ్లిపోతాడనుకున్నాను. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"ఆ చొక్కా విప్పి పారెయ్."

"విప్పితే పొడుస్తావు."

"దేనితో పొడవను, నీ మొహం! పట్టుకో." విరిగిన ఈటె కర్ర నా వైపు చాచాడు.

చొక్కా విప్పి పారేసి కర్ర పట్టుకున్నాను. లాగాడు. గట్టున ఇద్దరం రొప్పుతూ పడుకున్నాం. తర్వాత ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

అతని పేరు హరియుల్ఫ్. సంధి కుదిరాక సంతలో నన్ను గుర్తుపట్టి ఇంటికి లాక్కెళ్లాడు. అతని అక్క అల్దరూన నాకు గంజి పోసింది. నేను చెప్పిన అమ్మాయి తనే. ఎన్నో శీతకాలాలు ఆ పొయ్యి దగ్గరే గడిచాయి. నీ మాట రాకుండా పెళ్లి వద్దని తనతో చెప్పాను.

"ఆవిడ వద్దంటే ఏం చేస్తావ్?" అంది.

"తెలీదు."

"నాకేం కోపం రావట్లేదులే. ఒక్క మాటకి ఇంత భయపడుతున్నావంటే, ఆవిడ నిన్నెంత బాగా చూసుకుందో!"

నీ మాట కోసం చూస్తుంటాను.

నీ తమ్ముడు
వోపిస్కస్

*

ముతినా ఊరి నుంచి

నా వోపిస్కస్‌కు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి ఆగాను. కొన్నాళ్లు దాన్ని మళ్లీ తెరవలేదు. నీ మీద కోపం, ఆ పిల్ల మీద ఇంకా కోపం. ఒకనాడు పిండి పిసుకుతుంటే తోచింది, ఆ ఎర్రగడ్డం వెనక్కి తిరగకపోతే నాకు రెండో చావు కబురు వచ్చేదని. చేతులు పిండిలో ఉండగానే కూర్చుండిపోయాను. ఆ పూట తిండి సయించింది.

మంచు కరగగానే సరుకు బళ్లతో బయలుదేరుతున్నాను. నేను వచ్చేదాకా పెళ్లి ఆపు. వాళ్ల పుల్లటి బీరు నాకు పొయ్యొద్దని చెప్పు, నా ద్రాక్షారసం నేనే తెచ్చుకుంటాను. నా మరదలికి మంచి ఉన్ని దుప్పటి నేస్తున్నాను. అక్కడ చలెక్కువని మీ బావ అనేవాడు.

ఒక్కటి అడుగుతాను. మీ బావ పడిన చోటు హరియుల్ఫ్‌కు తెలిస్తే నన్ను తీసుకెళ్లమను. చంపిందెవరో నేను అడగను, తెలిసినా చెప్పొద్దని అతనితో అను. అక్కడ ఆయన పేరున కాస్త ద్రాక్షారసం నేల మీద పోసి, ఏడ్చేదంతా ఏడ్చి, మొహం కడుక్కుని పెళ్లింటికి వస్తాను.

నీ అక్క
ట్రెబోనియా