నాన్న నమిలిన బంక

మెస్తా, కియోస్ దీవి
జనవరి

ప్రియమైన స్తమాతి అన్నయ్యకు,

ఇక్కడ ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నాం. నడిసముద్రంలో నువ్వూ, నీ ఓడా క్షేమమని తలుస్తున్నాను.

అమ్మ కొత్త పంటి తొడుగు ఎలా ఉందని అడిగావు. ఏం చెప్పమంటావు! మన మస్తిక చెట్ల బంక నమిలితే పళ్ళకు బలమని ఊరంతా చాటే మనిషి, మొన్న బంక శుభ్రం చేస్తూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. పట్నంలో కట్టించుకున్న ఆ తొడుగు బంకతో పాటే ఊడొచ్చింది. "తప్పు తొడుగుది, బంకది కాదు!" అని ఒకటే వాదన. పక్కింటి అర్జిరో పిన్ని ఊరుకుంటుందా? "నిజమేనే కలియోపీ, బంక బలం అంతా ఇంతా కాదు, పన్నునే పీకేసింది" అంది. బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళం పడీపడీ నవ్వాం.

అంతలో నాన్న గుర్తొచ్చాడు. వేసవిలో చెట్లకు గాట్లు పెట్టి, కింద తెల్లమట్టి పరిచేవాడు. కారిన బొట్లు గట్టిపడగానే ముందుగా మన నోళ్ళలో చెరో ముక్క పెట్టేవాడు. మొదట చేదు, తర్వాత ఆ చల్లదనం. "మింగకురా వెధవా, నమలు!" అని నిన్ను కసిరేవాడు. నువ్వు ఎప్పుడో మింగేసి, ఉత్త నోరు ఆడించేవాడివి. నాకేమో దవడలు లాగేసేవి, అయినా ఉమ్మేదాన్ని కాదు. ఆ రోజులు మళ్ళీ రావు కదా అని ఏడుపొస్తుంది.

నాన్న పొద్దస్తమానం నమిలేవాడు. "కడుపుమంట ఇట్టే తగ్గిపోతుందే మార్కెల్లా. మన తోటే నా డాక్టరు" అనేవాడు. నిజంగానే తగ్గేది. తగ్గబట్టే లోపలి పుండు సంగతి నెత్తురు కక్కేదాకా ఎవరికీ తెలియలేదు. నువ్వప్పుడూ సముద్రం మీదే ఉన్నావు. నీకు కడచూపు కూడా దక్కలేదు.

ఇప్పుడు నువ్వు రాశావు: "కడుపులో మంటగా ఉంటోంది, ఇంకో డబ్బా బంక పంపు. అమ్మకు చెప్పకు. ఓడలో తెలిస్తే నన్ను దింపేస్తారు." ఆ మాటలు నాకు నాన్న గొంతుతో వినిపించాయి.

పార్సిల్లో ఊలు మేజోళ్ళు, ఎండు అత్తిపళ్ళు ఉన్నాయి. బంక లేదు, వెతక్కు. ఇంకో మాట. అమ్మకు చెప్పలేదు, ఒట్టు. కానీ మీ కెప్టెన్ గారి భార్య దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ అప్పటికప్పుడే ఆయనకు టెలిగ్రాం కొట్టించింది. ఈ ఉత్తరం రేవులో నీకు అందేసరికి, ఆయన నీకోసం డాక్టరును మాట్లాడి ఉంచుతారు.

"నా ఉద్యోగం తీశావు కదే రాక్షసీ" అంటావు. అను. నిండు నూరేళ్ళూ నన్ను తిట్టుకో అన్నయ్యా. ఆ నూరేళ్ళే నాకు కావాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
మార్కెల్లా