కర్లింగ్ రింకు వెనక క్లబ్బు

ప్రియమైన వెర్నా అక్కకి,

మార్లిస్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారనీ, హాలిఫాక్స్‌లో వాన కాస్త తెరిపి ఇచ్చిందనీ తలుస్తాను.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను. ఇంట్లో హీటరు బాగు చేయించాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడే ఏడిపిస్తోంది. మీ ఆయన కోటు ఎవరికైనా ఇచ్చేశావా అన్నావు. ఇవ్వలేదు. శనివారాలు చుక్కలు చూడటానికి వెళ్లేటప్పుడు అదే వేసుకుంటున్నాను. మోకాళ్ల కిందికి వస్తుంది. మా సాస్కచెవాన్ చలికి అదే మేలు.

మే నెలలో వస్తాననీ, మా నక్షత్రాల క్లబ్బు వాళ్లందరికీ నీ చేత్తో కేకు చేసి పెడతాననీ రాశావు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

అక్కా, క్లబ్బు లేదు.

ఒకప్పుడు ఉండేది. హెన్రీ చనిపోయిన ఏడాది, సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన ఓర్విల్ ఫ్రీసెన్ నన్ను బలవంతాన తీసుకెళ్లాడు. మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ రింకు వెనక ఖాళీ స్థలంలో ఏడెనిమిది మందిమి చేరేవాళ్లం. పోయిన వేసవిలో ఆయన కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ క్లబ్బు టెలిస్కోపు నా కారులో పెట్టి, "మిగతావాళ్లు వస్తూనే ఉంటార్లే మార్లిస్," అన్నాడు. ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి మనవడి హాకీ ఆట. మంచు పడేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. నీకు మాత్రం అందరూ వస్తున్నట్టే రాస్తూ వచ్చాను, వాళ్లు వేసిన జోకులు కూడా కల్పించి. నేను ఒంటరిగా ఉన్నానంటే నీకు నిద్ర పట్టదని అలా చేశాను. అది సగం నిజం. రాస్తున్న ఆ కాసేపూ వాళ్లంతా నా చుట్టూ ఉన్నట్టే ఉండేది. అది మిగతా సగం.

పోయిన శనివారం నేను టెలిస్కోపు సర్దుకుంటుంటే ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. ధాన్యం గోదాములో పనిచేసే యెవెట్ లవాలీ. నాకు ముఖపరిచయమే. లైబ్రరీ గోడ మీద ఓర్విల్ ఎప్పుడో అంటించిన కాగితం చూసి వచ్చిందట.

"క్లబ్బు ఇదేనా? మిగతావాళ్లేరీ?"

"దార్లో ఉన్నారు," అన్నాను.

గురుగ్రహం చూపించాను. తను చాలాసేపు కన్ను తియ్యలేదు.

"పక్కనున్న ఆ నాలుగు చుక్కలేంటి?"

"దాని చందమామలు. ఇంకా ఉన్నాయి గానీ మనకి కనిపించేవి అవే."

"దాని అదృష్టం. నాకున్నది ఒక్క పిల్లి. అదీ తిండికి పక్కింటికి పోతుంది."

నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. కాసేపటికి తన పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఇక ఇంటికి వెళ్లమన్నాను. "వాళ్లని రానీ, అందరినీ ఓసారి పలకరించి పోతా," అంది. ఇంక నా వల్ల కాలేదు.

"ఎవరూ రారు యెవెట్. చాన్నాళ్లుగా ఎవరూ రావట్లేదు."

"తెలుసు. మంచులో ఒక్క కారు జాడలే ఉన్నాయిగా."

"మరి ఎందుకున్నావు ఈ చలిలో?"

"నువ్వే చెప్తావేమోనని."

ఆ తర్వాత టెలిస్కోపు కారులో పెట్టడానికి సాయం చేసింది. వెళ్తూ మళ్లీ వస్తాననలేదు. నేనూ అడగలేదు. అడిగి కాదనిపించుకునే ఓపిక నాకిప్పుడు లేదక్కా. వారమంతా ఇంట్లో రేడియో పెట్టుకుని తిరిగాను, గొంతులు వినపడాలని.

మే నెలలో నువ్వొస్తే నీకు చూపించడానికి మనుషులుంటారని మాటివ్వలేను. నా మీద కోపం వస్తే రాయి, దాచుకోవద్దు. ఇదంతా నీకు చెప్పాలని నిన్న సాయంత్రం దాకా నాకు లేదు.

నిన్న మళ్లీ శనివారం, పొద్దుట్నుంచీ మబ్బే. ఒక్క చుక్క కూడా కనపడదని తెలుసు. అయినా కోటు వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లాను, ఇంట్లో ఉండలేక. రింకు వెనక ట్రక్కు ఆగి ఉంది. యెవెట్ అద్దం దించింది.

"ఇంత మబ్బు పెట్టుకుని ఎందుకొచ్చావు?" అంది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాను.

తను ట్రక్కు తలుపు తెరిచింది. పక్క సీటు మీది చేతి తొడుగులు తీసి, నాకు చోటిచ్చింది.

ఇట్లు,
ఇకమీద ఉన్నదే రాసే నీ చెల్లెలు,
మార్లిస్