ఈ-0147 నంబరు డబ్బా

నేతిలంక,
10 జూలై 2024

వట్లూరు, చిన్నపిల్లల అంటువ్యాధుల పరిశోధన కేంద్రం పెద్ద డాక్టరు గాయత్రి గారికి,

ప్రభువు నామంలో వందనాలు. వందనాలు అయిపోయాయి కనుక విషయానికి వస్తాను.

నేను తాడేపల్లిగూడెంలో ముప్పై రెండేళ్లు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా మనవరాలు పెర్సిస్‌కి పది నెలలు. పసిపిల్లలకి విరేచనాలు ఎందుకొస్తున్నాయో కనిపెడతామని మీరంటే, మంచి పనే కదా అని మా కోడలు రూబీ మీ కాగితం మీద సంతకం పెట్టింది. అప్పట్నించీ మంగళవారం వచ్చిందంటే మీ ఉద్యోగి ప్రదీప్ మా అరుగు మీద ఉంటున్నాడు. రూబీ దగ్గర పిల్ల దొడ్డి పట్టిన డబ్బా పుచ్చుకుని పోతే బాగుండును. పోడు. పిల్ల ఎన్నిసార్లు దొడ్డికెళ్లింది, పల్చగానా, గట్టిగానా అని అడుగుతాడు. చీరల కొట్లో రంగులు చూపించినట్టు ఒక అట్ట తీసి, ఇందులో ఏ రంగండీ అంటాడు. మొన్న మా పాస్టరు గారు అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నారు. ఆయన ఎదురుగానే అడిగాడు. పాస్టరు గారు మిగతా అట్టు తినలేదు.

రెండో సంగతి. మీ డబ్బా మీద పిల్ల పేరు లేదు. ఈ-0147 అని ఉంది. మేము పిల్లని జైల్లో పెట్టలేదండీ, ఉయ్యాల్లో పెట్టాం. పెర్సిస్ అని బైబిల్లోంచి ఏరి పెట్టుకున్న పేరు. అది రాయడానికి మీకేం కష్టం?

జవాబు రాయండి. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే రికార్డులో ఒకమ్మాయి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. నేను ఆ పిల్లతో మాట్లాడను.

ఇట్లు,
కోపంగా,
కృపమ్మ

తా.క.: ఆ అట్టలో ఆవపిండి రంగు లేదు. వేయించండి.

*

వట్లూరు,
16 జూలై 2024

గౌరవనీయులైన కృపమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండీ. పాస్టరు గారికి కలిగిన ఇబ్బందికి క్షమించండి. పేరు బదులు నంబరు వేయడం గోప్యత కోసం. మీ పాప వివరాలు బయటివాళ్లకి తెలియకూడదని.

అసలు సంగతి అది కాదండీ. గత మూడు వారాల డబ్బాల్లోనూ షిగెల్లా అనే క్రిమి ఉంది. రక్త విరేచనాలు తెప్పిస్తుంది. పసిపిల్లలకి ప్రమాదం. ఇంత జబ్బుగా ఉన్న పాప గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఈ ఉత్తరం చేతికి రాగానే పాపని డాక్టరుకి చూపించండి. ఆలస్యం వద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ప్రదీప్‌తో పంపుతున్నాను.

మీ శ్రేయస్సు కోరే,
డాక్టర్ గాయత్రి

తా.క.: రంగుల అట్ట అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తయారైందండీ. మార్చే అధికారం నాకు లేదు.

*

నేతిలంక,
24 జూలై 2024

డాక్టరు గారికి వందనాలు.

మీ ఉత్తరం రూబీ చదివి వినిపించింది. నాకు కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఆ రోగం మాట దాకా చదివింది. కాగితం అక్కడ పెట్టేసి చెప్పుల్లేకుండా బయటికి పోయింది. పచ్చి బాలింతలా ఉండే పిల్లని అంత భయపెడతారా?

పెర్సిస్‌కి ఏ రోగమూ లేదు. నిన్న రెండిడ్లీలు తిని, నా కళ్లజోడు కాడ నమిలి, పిల్లి తోక పట్టుకుని లాగింది. ఆ పిల్లి ఇంకా ఇంటికి రాలేదు. అయినా మీరన్నారని గూడెం తీసుకెళ్లి డాక్టరుకి చూపించాం. ఆయన పిల్లని చూసి, మీ ఉత్తరం చూసి, మళ్లీ పిల్లని చూసి, "ఇది ఎవరి గురించి రాశారండీ?" అని అడిగాడు. గంటన్నర బస్సు ప్రయాణం చేసి ఆ ప్రశ్న నేను వినాలా?

ఇంకోటి. ప్రదీప్ ఇచ్చిన ప్యాకెట్లు, మాత్రలు అటక మీద పెట్టాను. మర్నాటికి ఒక్కటీ లేదు. ఇంట్లోకి వచ్చిన బయటి మనిషి అతనొక్కడే. ఇచ్చినట్టే ఇచ్చి పట్టుకుపోయాడేమో అడగండి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లకి రోగం అంటగట్టే పరిశోధన నేను ఎక్కడా వినలేదు.

ఇట్లు,
ఇంకా ఎక్కువ కోపంగా,
కృపమ్మ

తా.క.: గోప్యత అన్నారు. మీ ఉత్తరం పోస్టుకార్డు మీద వచ్చింది. పోస్టుమ్యాన్ ఎలీషా కుశలం అడగడానికి మూడుసార్లు వచ్చాడు.

*

వట్లూరు,
1 ఆగస్టు 2024

కృపమ్మ గారికి,

నమస్కారమండీ. ఈసారి కవరులో పంపుతున్నాను.

మీరు అంత గట్టిగా రాశారు కనుక ఆ డబ్బాలన్నీ మళ్లీ పరీక్ష చేయించాను. క్రిమి ఉన్నమాట నిజం. అయితే మరొక విషయం తేలింది. మలంలో బిడ్డ శరీర కణాలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని బట్టి చూస్తే జూన్ 25 నాటి డబ్బా మగపిల్లవాడిది. జూలై 2 నాటిది ఆడపిల్లది. జూలై 9 నాటిది మళ్లీ మగపిల్లవాడిది.

మా రికార్డులో పెర్సిస్ ఆడపిల్ల అని ఉంది. దయచేసి ధ్రువీకరించగలరు.

అది నిజమైతే ప్రదీప్ మీ ఇంటి డబ్బాలు ఎక్కడో నింపుతున్నాడని అనుకోవాలి. ప్యాకెట్ల గురించి మీరు రాసినదీ ఉంది. అతన్ని విధుల్లోంచి తాత్కాలికంగా ఆపాను. నేనే వచ్చే మంగళవారం వస్తాను.

డాక్టర్ గాయత్రి

తా.క.: ధ్రువీకరణ రాతపూర్వకంగా ఉండాలి.

*

నేతిలంక,
3 ఆగస్టు 2024

డాక్టరు గారూ,

వందనాలు రాయడానికి మనసు రావడం లేదు. రాసినట్టు అనుకోండి.

ధ్రువీకరిస్తున్నాను. పెర్సిస్ ఆడపిల్ల. పది నెలలుగా రోజుకి రెండుసార్లు స్నానం చేయిస్తున్న మనిషిగా చెబుతున్నాను. వారం వారం మారడం ఇంతవరకూ చూడలేదు. మారితే రాతపూర్వకంగా తెలియజేస్తాను.

ఇక ప్రదీప్ సంగతి. పెంటపాడు నుంచి రెండు బస్సులు మారి, గట్టు మీద బురదలో నడుచుకుంటూ వచ్చే మనిషి. పోయిన నెల వానకి నడుం లోతు నీళ్లలో డబ్బాల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఏదీ తేలకుండా అతన్ని ఎలా ఆపుతారు? దొంగ అని ఎవరన్నారు? నేను అడగండి అన్నాను. అడగడం వేరు, అన్నం తీసెయ్యడం వేరు. ముప్పై రెండేళ్లలో నేను ఏ పిల్లాణ్నీ కారణం వినకుండా క్లాసులోంచి పంపలేదు.

రండి. మీ చేత్తోనే తీసుకెళ్లండి. మాకు దాపరికం లేదు.

ఇట్లు,
కోపం అన్న మాట చాలక,
కృపమ్మ

తా.క.: ఆ డబ్బాల్లో ఏముందో పరీక్ష కాగితం పూర్తిగా, సంతకం, ఆఫీసు సీలు వేసి పంపండి. ఈ ముక్క రూబీ రాయమంది. ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇదే, కాబట్టి తీర్చండి.

*

వట్లూరు,
14 ఆగస్టు 2024

కృపమ్మ గారికి,

మీ ఇంట్లో కాఫీ బాగుంది. ఆ రోజు మంచిగా చెప్పగలిగిన మాట అదొక్కటే.

నా చేతులతో తీసుకున్న డబ్బా ఫలితం వచ్చింది. అది ఆడపిల్లది. ఏ క్రిమీ లేదు. అంటే పెర్సిస్ మొదట్నించీ ఆరోగ్యంగానే ఉంది. మీరు చెప్పిందే నిజం. ఆరు వారాల డబ్బాలు మరెవరివో.

నాకు కోపం రాదని మా ఆఫీసులో అందరూ అంటారు. ఈ వారం వచ్చింది. రెండొందల పన్నెండు మంది పిల్లలు, రెండేళ్ల పని. ప్రదీప్ తిరిగే ముప్పై ఇళ్ల లెక్కలూ ఇప్పుడు నమ్మడానికి లేదు. పిల్లల మందుల గురించి రేపు ఏదైనా నిర్ణయం చేసేటప్పుడు ఈ అంకెలే చూస్తారండీ. అబద్ధం అంకె వేస్తే ఎక్కడో ఒక బిడ్డ మీద పడుతుంది. ప్రదీప్ తనకేమీ తెలియదంటున్నాడు. తల్లి చేతిలోంచి అందుకోవడమే తన పని అంటున్నాడు. నేను నమ్మలేదు. ఈ నెలాఖరుతో అతని ఉద్యోగం ముగుస్తుంది.

మీరడిగిన కాగితం సీలుతో జతపరిచాను. ఆరు డబ్బాలు, ముగ్గురు వేర్వేరు పిల్లలు, అందరిలోనూ ఒకే రకం షిగెల్లా. ఒకే నీళ్లలోంచి వచ్చి ఉండాలని నా అభిప్రాయం. ఎవరి పిల్లలో నాకు తెలియదు.

డాక్టర్ గాయత్రి

తా.క.: దయచేసి దీనికి జవాబు రాయకండి.

*

నేతిలంక,
26 ఆగస్టు 2024

డాక్టర్ గాయత్రి గారికి వందనాలు.

జవాబు రాయొద్దన్నారు. రాయక తప్పడం లేదు.

మీ ఉత్తరం ఎప్పట్లాగే రూబీ చదివింది. ప్రదీప్ ఉద్యోగం ముగుస్తుందన్న చోట ఆగింది. "అత్తయ్యా, డబ్బాలు మార్చింది నేనే" అంది. పప్పులో ఉప్పు వేశాను అన్నట్టు చెప్పింది.

మా ఊరికి కాలవ అవతల ఇరవై ఇళ్లున్నాయి. సుగుణ అని రూబీ స్నేహితురాలు అక్కడే ఉంటుంది. మే నెల నుంచి అక్కడి పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు. కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయని ఇద్దరూ పంచాయతీకి వెళ్లారు. అక్కడి మనిషి మామిడిపళ్లు ఎక్కువ తినిపించి ఉంటారన్నాడు. పళ్లు రాని పిల్లలకండీ. నీళ్లే అని రుజువేమిటి, కాగితం ఉందా అన్నాడు. కాగితం ఇచ్చేది మీరే కదా అని రూబీ ప్రదీప్‌ని అడిగింది, ఆ పిల్లల్ని కూడా రాసుకోమని. కాలవ అవతల మా పరిధి కాదండీ, పైనుంచి లిస్టు అలాగే వచ్చింది అన్నాడు.

ఈ పరిధి అన్న మాట ఎవరు రాశారో వారి మీద నాకున్న కోపం ఈ కాగితంలో పట్టదు. మీ లిస్టులో లేనంత మాత్రాన ఆ పిల్లల కడుపు నొప్పి తగ్గిపోతుందా?

అందుకని ఆరు మంగళవారాలు రూబీ తెల్లారకముందే లేచి, మా డబ్బా పట్టుకుని కాలవ దాటి వెళ్లింది. ఏ బిడ్డ బాగా జబ్బుగా ఉంటే ఆ బిడ్డది నింపి తెచ్చింది. మీ మొదటి ఉత్తరం చదివి చెప్పుల్లేకుండా పరిగెత్తింది సుగుణ ఇంటికి. ఆ పూటే సుగుణ కొడుకుని ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్లారు. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట. ప్యాకెట్లు, మాత్రలు ఎక్కడికి పోయాయో ఇక చెప్పక్కర్లేదు. ప్రదీప్‌కి నా క్షమాపణ నేనే స్వయంగా చెబుతాను.

ఈ ఉత్తరం పది రోజుల కిందటే రాయాల్సింది. రూబీ ఆపింది. ముందే తెలిస్తే మీరు ఆ సీలు కాగితం వెనక్కి అడుగుతారని భయపడింది. దాన్ని పట్టుకుని పద్దెనిమిది మంది ఆడవాళ్లతో మండలం ఆఫీసుకి వెళ్లింది. పెళ్లయిన మూడేళ్లలో నా ఎదుట నాలుగు మాటలు వరసగా మాట్లాడని పిల్ల, ఇంజనీరు బల్ల ముందు నిలబడి షిగెల్లా అంటే ఏమిటో చెప్పిందట. ఆయన సీలు చూశాడు, ముగ్గురు పిల్లలన్న చోట మళ్లీ చదివాడు, లేచి జీపెక్కాడు. చేపల చెరువు మురుగు కాలవ కింద కుళాయి పైపు జానెడు పొడవున పగిలి ఉంది. మొన్న శనివారం కొత్త పైపు వేశారు. అప్పటిదాకా ట్యాంకరు వచ్చింది.

మీ పరిశోధన చెడిందని రాశారు. అబద్ధం అంకె గురించి మీరన్నది నిజం. నాకు అర్థమైంది. రూబీ మీకు క్షమాపణ చెప్పమంది. నేను మాత్రం చెప్పను. పెర్సిస్‌ని లిస్టులోంచి తీసెయ్యండి. ఆరు వారాలూ కొట్టెయ్యండి. మిగతా ఇళ్లవి ఏమీ చెడలేదు, ప్రదీప్ నిజాయితీపరుడు. అతన్ని వచ్చే మంగళవారమే పనిలోకి పంపండి.

నాకు ఒక్కటే మింగుడు పడలేదు. ఇంట్లో చదువుకున్న పెద్దదాన్ని ఉన్నాను కదా, నాతో ఎందుకు అనలేదని రూబీని నిలదీశాను. పెర్సిస్ జుట్టు దువ్వడం మొదలుపెట్టింది. దువ్వుతూనే, "మీకు చెబితే ముందు ఉత్తరం రాసేవారు అత్తయ్యా. జవాబు వచ్చేదాకా సుగుణ కొడుకు ఆగడు కదా" అంది.

రెండు రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. మూడో రోజు కాలవ అవతలికి నన్ను కూడా తీసుకెళ్లమన్నాను.

ఇట్లు,
కృపమ్మ, రూబీ

తా.క.: అవతల ఏడాది నిండని పిల్లలు పదకొండుమంది ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసి జతపరిచాను. ఏ పరిధి కింద రాసుకుంటారో మీ ఇష్టం. మీరు వచ్చేటప్పుడు డబ్బాలు సరిపడా తెచ్చుకోండి.