బర్ఫ్‌వాలాకు ఛుట్టీ

ఏప్రిల్ 14, 2007. అల్ ఖూజ్, దుబాయి.

ఈ సీజన్‌కు మంచు షో ముగిసింది. పొద్దున ముదీర్, అంటే మా మేనేజరు, షెడ్డులోకి వచ్చి, "బర్ఫ్‌వాలే కో ఛుట్టీ దే దో, ఛే మహీనా" అన్నాడు. బర్ఫ్‌వాలాకు ఆరు నెలలు సెలవివ్వమని. షోలో మంచును ఎగజిమ్మే మిషన్ నడిపేది నేనే. బర్ఫ్ అంటే మంచు కదా, లేబర్ క్యాంపంతా నన్ను బర్ఫ్‌వాలా అనే పిలుస్తుంది. మూడేళ్లుగా అడుగుతున్న సెలవు దొరికిందనుకుని "షుక్రియా సర్" అనేశాను.

నాతో పనిచేసే మల్లేశన్న పగలబడి నవ్వాడు. "నీకు గాదుర బై, మిషన్‌కు!"

ముదీర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఆయిల్ మార్చాను. ప్లగ్గు విప్పి తుడిచాను, బ్లేడ్లకు గ్రీజు పూశాను. వేడికి రబ్బరు పగులుతుందట, అందుకే మిషన్‌ను ఏసీ గదిలో పెట్టాలట. నాకు మాత్రం రేపటి నుంచి గోడౌన్ కప్పు మీద, ఎండలో పని.

ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే ఆరు నెలల్లో జిగురు కట్టి ఇంజిన్ మొరాయిస్తుంది. వదిలేద్దామనే మూత బిగించాను. కాసేపటికి మళ్లీ విప్పి, చివరి చుక్కదాకా తీసేశాను.

దాని మీద ప్రేమతో కాదు. అక్టోబరులో దాని ఛుట్టీ అయిపోతుంది. అప్పుడది స్టార్ట్ కాకపోతే, చెయ్యి పడిపోయేదాకా స్టార్టర్ తాడు లాగాల్సింది నేనే.