మల్లేశు కంట్లో ఒక్క చుక్క

సోమవారం

ఓ తెల్ల కాగితమా! నిన్ను ఇలా పాడుచేస్తున్నందుకు ఆకాశమంత క్షమాపణ. ఊరంతా ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కిన వేళ, చరిత్ర రాయాల్సిన ఈ చేయి మా రూమ్మేటు ఎర్రకన్ను గురించి రాయబోతోంది. భావితరాలు నన్ను మన్నించుగాక.

మల్లేశు కాంటాక్ట్ లెన్సులు తీయకుండానే నిద్రపోయాడు. నల్లగుడ్డు మీద పుండట. గంటకోసారి యాంటీబయాటిక్ చుక్కలు వేయాలి, అశ్రద్ధ చేస్తే చూపు పోవచ్చు అంది డాక్టరమ్మ. "మందు కాస్త ఖరీదు. పర్లేదా?"

వాడు నోరు తెరిచేలోగా నేనే — "పర్లేదు మేడమ్, సాఫ్ట్‌వేర్ వాళ్లం." మెడలో కంపెనీ ట్యాగు సవరించుకుంటూ.

మంగళవారం

సీసా బొటనవేలంత. ధర చూస్తే నా కళ్లు కూడా మండాయి.

వాన. కిటికీ అవతల టవర్లు కరిగి కారిపోతున్నాయి. చుక్క సీసా మూతి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది — అందులో నానక్‌రామ్‌గూడ మొత్తం తలకిందులుగా, వెలుగుతూ... పడుతుంది. ఊరు వాడి కంట్లో మునిగిపోతుంది.

"లైట్లు ఎట్ల కనపడతాండాయిరా?"

"ఒక్కోదానికి తంగేడుపూల దండ ఏసినట్టున్నదిరా. బతుకమ్మ లెక్క. మస్తుంది."

రోగికి పుండు. నాకు కవిత్వం.

బుధవారం

బంద్. ఆటో లేదు, బస్సు లేదు. గాజు మేడల ముందు గేదెలు వరుసగా — షిఫ్టుకు వెళుతున్నట్టు. ఎక్కడో డప్పులు. ఎంత మెత్తగా ఉంది ఈ ఊరు, మనం లేకపోతే...

గురువారం

కన్ను ఇంకా ఎరుపు. సీసాలో మందు మాత్రం తగ్గాల్సినంత తగ్గడం లేదు. నిలదీశాను.

"పొద్దున ఒకసారి, మాపు ఒకసారి ఏస్తున్న. రెండుసార్లే గద అని ఏసినప్పుడు నాలుగైదు చుక్కలు ఏస్తున్న. సీసా జర ఎక్కువ దినాలు రావాలె గద!"

"పిచ్చి పట్టిందేమిరా నీకు?"

"మా బాపు బస్ కండక్టర్. సమ్మెల ఉన్నడు, జీతం బందయింది. నా జీతమంత ఇంటికే పోతున్నది. నువ్వేమో 'పర్లేదు మేడమ్' అంటివి."

ఇక్కడ ఒక జోకు రాయాలని చూశాను. రాలేదు.

మెడికల్ షాపుకు పరుగెత్తాను. ఇదే మందు తక్కువలో లేదా? "ఉన్నది అన్నా, వేరే కంపెనీది. కానీ చీటీల ఉన్న పేరే ఇయ్యాలె. డాక్టర్‌తోని రాయించుకొని రా."

శుక్రవారం

పుండు పెరిగింది. డాక్టరమ్మ వాడి మీద లేచింది. "కంట్లో పట్టేది ఒక్క చుక్కేనయ్యా. మిగతాదంతా బుగ్గకు పూస్తున్నావు. ఒక్క చుక్క చాలు, గంట మాత్రం తప్పొద్దు."

కొత్త చీటీ. అదే మందు, వేరే కంపెనీ పేరు. ధర సగం కూడా లేదు.

"గిదేందో మొదలే రాయచ్చు గద మేడమ్?"

"మీరు పర్లేదన్నారు కదా నాయనా."

వాడు నా వైపు చూశాడు. ఒంటి కన్నుతో. అదే ఎక్కువైంది.

శనివారం

క్యాంటీన్‌లో మందుల ధరల మీద నా మహోపన్యాసం. కోకాపేట నుంచి గోపన్‌పల్లి దాకా ధరలన్నీ నేనే దించినట్టు. చప్పట్లు కూడా.

ఆదివారం

గంటకో చుక్క. ఫోన్‌లో అలారం మోగుతుంది, వాడు తల వెనక్కి వాలుస్తాడు, నేను కింది రెప్ప లాగుతాను. మచ్చ మిగులుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ.

వాడు మంచి కన్ను మూసుకుని కిటికీలోంచి చూశాడు.

"దండలు ఉండాయా ఇంకా?"

"ఉన్నయి. జర వాడినట్టున్నయి."

నిజంగా వాడాయా? నా మొహం చూసి అన్నాడా?

కాగితమా, ఉపన్యాసమంతా ఉత్తదే. నేను చేసింది ఒక్కటే. శుక్రవారం డాక్టరమ్మ గది బయట, మెడలో ట్యాగు తీసి జేబులో పెట్టుకున్నాను. లోపలికి వెళ్లి, నేల చూస్తూ అడిగాను — "ఇదే మందు తక్కువలో ఉంటే రాస్తారా మేడమ్?"