ఇంకొకరి తలమీద మొక్కు

ముత్యాలుపేట, పుదుచ్చేరి
డిసెంబర్ 2

ప్రియమైన పొన్నక్కకు,

నీ చెవిమిషన్ ఈల వేస్తుంటే ఫోన్‌లో నేను చెప్పేది నీకు సగం కూడా అందదు, వీధికి మాత్రం అంతా వినపడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాన్న మనిద్దరినీ కూర్చోబెట్టి తెలుగు రాయడం నేర్పించింది ఇప్పటికి పనికొస్తోంది.

మా మేడమీద అద్దెకున్న సిక్కులు నీకు తెలుసుగా. హర్‌కీరత్ సింగ్ సేదరపేట్‌లో ఫ్యాక్టరీకి వెళ్తాడు, గుర్లీన్ ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తుంది. కొడుకు నిహాల్‌కి ఐదేళ్ళు. బడి నుంచి వస్తే వాడి కాపురం నా వంటింట్లోనే. నన్ను అవ్వా అంటాడు, మన ఇంటి తెలుగే మాట్లాడతాడు. నాకా పిల్లల్లేరు, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. వాడంటే నాకు ప్రాణం.

పోయిన నెల వాడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఆసుపత్రిలో చేర్చారు. గుర్లీన్ రక్తం కోసం పరుగులు పెడుతుంటే నేను మంచం పక్కన కూర్చుని, వీడు లేచి తిరిగితే వీడి తలనీలాలు ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కేశాను. ఐదేళ్ళ మగపిల్లాడి నెత్తిన ముడి ఉందంటే పుట్టువెంట్రుకలు ఇంకా తియ్యలేదనే అనుకున్నాను. మనిళ్ళల్లో అంతేగా.

మర్నాటి నుంచే ప్లేట్‌లెట్ల అంకె పెరిగింది. వారంలో ఇంటికొచ్చాడు. నేను సంబరంగా మేడెక్కి, తిరుపతికి ఎప్పుడు వెళ్దామని అడిగాను. గుర్లీన్ మొహం పాలిపోయింది. ఆ జుట్టు ఇవ్వడానికి తమది కాదని వచ్చీరాని తమిళంలో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి పిల్లాణ్ణి కిందికి పంపడం లేదు. హర్‌కీరత్ లాస్‌పేట వైపు ఇళ్ళు చూస్తున్నాడని పక్కింటి పూంగావనం చెప్పింది.

మొక్కు తీర్చకపోతే వాడికేమవుతుందోనని భయం. తీర్చాలని పట్టుబడితే వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారని భయం. ఏం చెయ్యమంటావు?

జవాబు వచ్చేదాకా పోస్టుమాన్ దారి చూస్తూ ఉండే
నీ వసంత


ఏంబలం
డిసెంబర్ 6

ప్రియమైన వసంతకు,

నీకేమైనా బుద్ధుందా? ఎవరి బిడ్డ జుట్టో నువ్వు మొక్కేస్తావా? కన్నతల్లిని ఒక మాట అడగొద్దూ? సరే, నోరు జారావు. దేవుడు విన్నాడు, బిడ్డను లేపాడు. ఇక తీర్చక తప్పదు.

గుండే చేయించనక్కర్లేదు. కొండమీద ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చి రావడంలేదూ? వాడు మళ్ళీ నీ దగ్గరికి వచ్చిననాడు తల దువ్వుతానని కూర్చోబెట్టి, వెనకవైపు మూడు కొసలు కత్తిరించు. అంత జుట్టులో ఎవరికి కనపడుతుంది? పసుపుగుడ్డలో కట్టి దాచిపెట్టు, కొండకు చేర్చే పని నాది.

వానలకు వంకాయ తోట కుళ్ళిపోయింది. వరికి ఏం కాలేదు.

నేను నవ్వులాటకు రాయడం లేదు వసంతా. మొక్కి తీర్చకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఎట్లా తెలుసని మాత్రం అడగొద్దు.

నీ మేలు కోరే
అక్క


ముత్యాలుపేట
డిసెంబర్ 14

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేయబోయాను. మొన్న గుర్లీన్‌కి బ్యాంకులో తప్పని పని పడింది. హర్‌కీరత్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. గత్యంతరం లేక రెండు గంటలు వాణ్ణి నా దగ్గర వదిలింది. తలంటి పోసి, ఆరడానికి జుట్టు విరబోసి ఉంది. నడుం దాకా ఉంది అక్కా. వాడి చేతిలో చిన్న కొయ్య దువ్వెన. నేను కత్తెర కొంగుచాటున పెట్టుకుని వాణ్ణి పీటమీద కూర్చోబెట్టాను.

వాడే నాకు దువ్వడం నేర్పాడు. "మెల్లింగా అవ్వా. కొసల్నించి పైకి పోవాల. చిక్కుపడితే తెంపగూడదంట, వేళ్ళతో తియ్యాల. మా అమ్మ ఒకటి గూడా తెంపదు."

నా చెయ్యి కొంగుచాటున కత్తెర మీదే ఉంది. వాడు వెనక్కి తిరిగి కూడా చూడకుండా, "నువ్వు గూడా తెంపవు గదా," అన్నాడు.

కత్తెర తీసి గూట్లో పెట్టేసి, గంటసేపు కూర్చుని చిక్కులు తీశాను. గుర్లీన్ రాగానే నేను చేయబోయిందంతా చెప్పేశాను. దాచడం నావల్ల కాలేదు. ఆమె ముందు పిల్లాడి తల అంతా తడిమి చూసింది. తర్వాత నా ఎదురుగా నేలమీదే కూర్చుని, మాటలు వెతుక్కుంటూ ఆ తమిళంలోనే మొదటిసారి వివరంగా చెప్పింది.

అది జుట్టు పెంచుకోవడం కాదట, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమట. దేవుడు ఇచ్చిన ఒంటిని దిద్దకుండా ఒప్పుకోవడమే వాళ్ళ భక్తి. పట్టనట్టు వదిలేయరు, రెండు పూటలా దువ్వి ముడివేసి తలపాగా చుట్టాలి. సిక్కు ఎంత గుంపులో ఉన్నా దాక్కోకూడదని, ఆపదలో ఉన్నవాళ్ళు చూడగానే గుర్తుపట్టి సాయం అడగగలగాలని వాళ్ళ గురువు ఈ గుర్తు పెట్టాడట. మనం దేవుడికి ఇచ్చి దండం పెడతాం, వాళ్ళు ఉంచుకుని దండం పెడతారు.

హర్‌కీరత్ కాలేజీలో చదివేటప్పుడు తోటివాళ్ళు ఏడిపిస్తున్నారని జుట్టు తీయించుకున్నాడట. రెండేళ్ళు అద్దంలో తనను తాను చూసుకోలేక మళ్ళీ పెంచుకున్నాడట. నిహాల్ కూడా పెద్దయ్యాక ఏం చేసుకుంటాడో వాడిష్టం, అందాకా కాపాడటమే తమ పని అంది. తమది కాదని ఆ రోజు అన్నది అందుకే.

ఇల్లు మారే సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. మొక్కు మాత్రం అట్లాగే ఉంది. మేడమీద వాడు తుమ్మినా నాకు గుండె దడ. నీకెట్లా తెలుసో ఇప్పుడు చెప్పాల్సిందే.

నీ మాట దాటిన
వసంత


ఏంబలం
డిసెంబర్ 19

ప్రియమైన చెల్లికి,

నీకు ఆరేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. నాకు పన్నెండు. నువ్వు మూడు రోజులు కళ్ళు తెరవకపోతే, నీ జడ ఇస్తానని నేను మొక్కాను. నువ్వు లేచావు. గుండంటే నువ్వు ఏడుస్తావని ఎవరికీ చెప్పలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ ఉండగానే నీ పెళ్ళయిపోయింది.

తర్వాత నీకు పిల్లలు కలగలేదు. మరిది అరవై నిండకుండానే పోయాడు. రెండుసార్లూ అందరూ నీ తలరాత అన్నారు. నా పాపమని నాకు తెలుసు. నీకు చెబితే నా మొహం చూడవని చెప్పలేదు. ఆ బిడ్డ మీద నువ్వు మొక్కావని చదివినప్పుడు, నేను చేసిందే నువ్వూ చేస్తున్నావని ఒళ్ళు చల్లబడింది. అందుకే దొంగతనంగానైనా కత్తిరించమన్నాను.

యాభై ఎనిమిదేళ్ళు మోశాను వసంతా. ఇంక మోయలేను. నువ్వు తిట్టినా సరే, జవాబు మాత్రం రాయి.

పొన్నమ్మాళ్


ముత్యాలుపేట
డిసెంబర్ 23

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నీమీద కోపంతో కాదు.

నాకు పిల్లలు కలగకపోవడానికి నీ మొక్కు కారణం కాదు. పెళ్ళయిన నాలుగో ఏట డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసి, లోపం ఆయనలో ఉందని చెప్పింది. నలుగురిలో ఆయన తల దించుకోకూడదని, నాదే లోపమని అందరినీ అనుకోనిచ్చాను. నీకూ చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వింత మోసేదానివి కాదు, ఆ తప్పు నాది. ఇక ఆయన పోయింది బీడీలతో. రోజుకు మూడు కట్టలు తాగే మనిషికి నీ మొక్కుతో పనేముంది?

నిహాల్ సంగతి స్వామితో నేనే మాట్లాడుకున్నాను. నాది కానిది ఇస్తానన్నాను, ఇవ్వలేను, కోపముంటే నామీదే చూపించమన్నాను. వాళ్ళు వేరే ఇళ్ళు చూడటం మానేశారు. నిన్న బడి నుంచి గుర్లీన్ వాణ్ణి నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చింది.

నీ మొక్కు సంగతి వేరు. ఈ జుట్టు నాది. అరవై నాలుగేళ్ళదాన్ని, ఇస్తానంటే అడ్డుచెప్పేవాళ్ళు లేరు. ఇవ్వకపోయినా నాకేమీ కాదని నాకు తెలుసు. నీ మనసు కుదుటపడాలంటే మాత్రం ఇదొక్కటే దారి. జనవరి చివరికి రద్దీ తగ్గుతుంది, నువ్వు వచ్చేయ్, కొండకు వెళ్దాం. మూడు కత్తెరలు కాదు, గుండే. మంగలి కత్తి పెట్టేటప్పుడు నువ్వు నా పక్కనే కూర్చోవాలి. మొక్కింది నువ్వు కాబట్టి దగ్గరుండి చూడాల్సిందీ నువ్వే.

నీమీద ఏ కోపమూ లేని
వసంత