దగ్గు మందులో ఏమేశానో

పాపా నాగజ్యోతీ,

నువ్వు అడగకపోయినా చెబుతున్నాను, తాత బాగానే ఉన్నాడు.

మొన్న నువ్వు దగ్గుతూ ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు నేను మందు నూరి ఇస్తే, "ఇందులో ఏమేసినావు తాతా? తెలీకుండా తాగితే నన్ను పందేల్లో పరిగెత్తనియ్యరు" అన్నావు. మందులో ఏముందో బయటికి చెబితే అది పనిచేయదని మా నాయన నాతో ఒట్టు వేయించుకున్నాడు. మీ అవ్వకు కూడా చెప్పలేదు. అందుకే "నా చెయ్యి మీద నమ్మకం లేకుంటే నా ఇంటికి రావద్దు పో" అన్నాను. నువ్వు మందు ముట్టకుండా నిజంగానే నంద్యాల హాస్టలుకు వెళ్లిపోయావు. ఫోను కూడా ఎత్తడం లేదు.

నిన్న మీ ఆటల సారు ప్రభుదాసు బస్టాండులో కనపడితే నిలబెట్టి అడిగాను. "పెద్దాయనా, పందేల్లో మందులు తాగినారేమో అని చేసే ఉచ్చ పరీక్షలో ఏం దొరికినా పాపదే పూచీ. తాత ఇచ్చినాడంటే ఎవురూ ఇనరు. ఏముందని అడిగేది ఆ పాప హక్కప్పా" అన్నాడు.

సరే, రాస్తున్నాను. అడ్డసరం ఆకు, మిరియాలు, పిప్పళ్లు, తేనె. ఇంకొకటి నంద్యాల అంగడిలో కొనే నల్ల పొడి. మా నాయన కాలంలో అది లేదు. దగ్గు తొందరగా తగ్గుతుందని నేనే కలిపాను. అందులో ఏముందో నాకూ తెలీదు. నువ్వు తాగకపోవడమే మంచిదైంది.

ఒట్టు పోయింది కాబట్టి ఇక ఎవరికీ మందు ఇవ్వను. దగ్గుతో వచ్చేవాళ్లు కూడా రాకపోతే ఈ వాకిలి తొక్కేవాళ్లు ఉండరు. ఆదివారం వచ్చిపో పాపా. అన్నం నువ్వే వండుకో. నేను ఊరికే పక్కన కూర్చుంటాను.

మీ తాత